ఖాళీ మూలలో తొమ్మిది నిమిషాలు

మూఢానికి 21 రోజులు

మిణుగురు భాండారం, మంగంపేట ముగ్గురాయి గని, మూడో మెట్టు. రాస్తున్నది బాధ్యురాలు చెంగమ్మ.

ఇక్కడ తారీఖులు ఎవరూ చూడరు. పైన ఎప్పుడూ ఏదో ఒక ఓడ సూర్యుడి చాటుకు పోబోతూ ఉంటుంది. దాని మూఢానికి ఎన్ని రోజులుంటే అదే మాకు తారీఖు. మూఢంలో పడ్డ ఓడతో మాటలుండవు, రేడియో సూర్యుణ్ణి దాటి పోలేదు. ఇప్పుడు లెక్కలో ఉన్నది గోరువంక. నూటా నలభై రెండు మందితో కుజుడికి పోతోంది.

పొద్దున రాగానే గాలి మరలు తిప్పి, పలకల గదిలో తేమ చూశాను. రెండో వరుసలో మళ్ళీ బల్లి. గాజు పలక మీద బల్లి నడిస్తే మరక పడుతుందే తప్ప ఇంకేం నష్టం లేదు. అయినా దాన్ని చీపురుతో బయటికి తోలేదాకా ఖాదరన్న పని మొదలుపెట్టడు. ఖాదర్ వలి మా దగ్గర పలకలు చదివే మనిషి. నాకంటే పదేళ్ళు పెద్ద, బల్లులంటే మాత్రం పసిపిల్లాడి భయం.

మిణుగురు గామా కిరణాలను చూసిన ఉపగ్రహం. ముప్పై ఒక్క ఏళ్ళు చూసింది. కన్ను ఆరిపోయి నాలుగేళ్ళయింది. పైనంతా తుక్కు పేరుకుపోయి, దూసుకుపోయే ఓడలకు తప్ప అక్కడే తిరిగే కొత్త ఉపగ్రహానికి దారి లేదు గనుక గామా ఆకాశం అంటే ఇప్పుడు మా పలకల మీద ఉన్నదే. ముగ్గురాయి మహా బరువైన రాయి, కిరణాలు దీన్ని దాటి లోపలికి రాలేవు. కిరణాల లెక్కలు దాచడానికి కిరణాలు రాని చోటే వెతికి పట్టారు మా పెద్దవాళ్ళు.

ఒక్కో కిరణాన్ని మేము గింజ అంటాం. గింజ ఎప్పుడు వచ్చింది, ఏ దిక్కు నుంచి వచ్చింది, ఎంత బలంగా తగిలింది అన్నవి రాసుకుంటాం. అలాంటివి రెండు వందల కోట్లు వరుసగా ఉన్నాయి. ఆ గింజల్లోంచి ఆకాశపటం గీసింది నేను. ఇరవై రెండేళ్ళు పట్టింది. కుజుడికి పోయే ప్రతి ఓడా నా పటం నకలు పట్టుకునే పోతుంది. గొప్పకు చెప్పడం లేదు, ఉన్న మాట.

ఈ రోజు పలకల మండలి నుంచి ఉత్తరం వచ్చింది. ఆసుపత్రుల్లో రోగుల రక్త పరీక్షల లెక్కలు రాసుకోవడానికి పలకలు చాలడం లేదట, ముప్పై పెట్టెలు ఇవ్వమన్నారు. పోయినేడు కూడా ఇలాగే వచ్చి, పటం తయారైంది కదా, ఇంక గింజల వరుస ఎందుకని అడిగారు. అన్నం వండుకున్నాం కదా, ఇంట్లో బియ్యం ఎందుకని అడిగినట్టుంది మీ మాట అని తిప్పి పంపాను. ఈసారి వాళ్ళు మళ్ళీ వరుస మీద చెయ్యి వేయకముందే నేనే దిబ్బ ఇచ్చేశాను. దిబ్బ అంటే పటానికి పనికిరావని మేము కోసి పక్కన పడేసిన గింజలు. గనిలో పనికిరాని మట్టి పోసే చోటును దిబ్బ అంటారు, ఆ పేరే దీనికీ వచ్చింది. ఏడాదికొక పెట్టె చొప్పున ముప్పై ఒక్క పెట్టెలు. ఒకటి ఎక్కువే ఇచ్చానని మురిసిపోతూ సంతకం పెట్టాను.

మధ్యాహ్నం గోరువంక నుంచి ఒక జాబు. రాసింది పైడిరాజు, ఆ ఓడకు దారి చూసే మనిషి. మా చేతిపుస్తకంలో చెప్పినట్టు వాళ్ళు రోజూ ఓడ కన్నును ఖాళీ మూలకు తిప్పి సున్నా పెట్టుకుంటారు. ఆకాశం మొత్తంలో ఒక్క గింజ కూడా రాని చోటు అది, నా పటంలో నల్లగా అరచేతంత ఉంటుంది. వాళ్ళ కొత్త చురుకైన కన్ను తెరిచిన నలభై రోజులుగా అక్కడ సున్నాకు రావడం లేదట. మిగతా ఓడల కన్నులు పాతవి, మోటువి, వాటికి ఎప్పుడూ ఈ ఇబ్బంది రాలేదు. పటం ఒకసారి సరిచూస్తారా అని చాలా మర్యాదగా అడిగాడు.

మీ కన్ను ఒకసారి తుడుచుకోండి నాయనా అని జవాబిచ్చాను.

మూఢానికి 19 రోజులు

తుడిచాడట. మూడుసార్లు. అయినా అంతే.

ఈసారి జాబు కాస్త పొడుగ్గా ఉంది. చదివాక నా వెటకారం తగ్గింది. కొన్ని నక్షత్రాలు గుండె కొట్టుకున్నట్టు ఠంచనుగా గింజలు విసురుతుంటాయి. వాటిని గడియారాలంటాం. నాలుగు గడియారాలు కనబడితే ఓడ తానెక్కడ ఉందో తానే తేల్చుకోగలదు. గోరువంక నమ్ముకున్నవి ఆరు. వాటిలో రెండు ఈ మూఢంలో సూర్యుడి పక్కకు పోతాయి. ఒకటి పోయిన నెల ఉన్నట్టుండి చల్లారింది. మిగిలినవి మూడు. మూఢం తొమ్మిదో రోజున ఓడ మలుపు తిరగాలి, అప్పుడు భూమి నుంచి దారి చెప్పేవాళ్ళుండరు. మలుపు తప్పితే కుజుణ్ణి దాటి అవతలి చీకట్లోకి పోతారు. వెనక్కి రావడానికి ఇంధనం లేదు. మూడు గడియారాలతోనే ఎలాగో నెట్టుకురావాలని వాళ్ళ ఆలోచన. దానికి సున్నా మాత్రం తిరుగులేకుండా ఉండాలి.

పటం వైపు తప్పు లేదు, ఉండదు, రుజువు పంపిస్తాను అని రాశాను. ఆ మాట రాసేటప్పుడు నాకు ఇసుమంత అనుమానం కూడా లేదు.

ఇదే రోజు కొలిమి లారీ వచ్చి దిబ్బ పెట్టెలు ఎక్కించుకుపోయింది. కోడూరులోని కొలిమిలో పాత పలకలు కరగబోసి కొత్తవి పోస్తారు. ఖాదరన్న లారీ పక్కన నిలబడి గొణిగాడు. చెత్తే అయితే వరదయ్య సార్ ఏడాది వారీగా పెట్టెలు కట్టి, పేర్లు రాసి ఎందుకు దాచమన్నాడని అతని అనుమానం. వరదయ్య సార్ మా ఇద్దరికీ పని నేర్పిన మనిషి. ఆయన వాడేసిన పెన్సిల్ ముక్కలు కూడా దాచేవాడన్నా అని నవ్వి, లారీ తలుపు నేనే వేశాను.

మూఢానికి 16 రోజులు

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను. రాయకపోతే ఈ పుస్తకానికి అర్థం లేదు.

పైడిరాజుకు పంపే రుజువులో మా కోత కాగితం ఫోటో కూడా పెడదామనుకున్నాను. పలకల గది గోడ మీద ముప్పై ఏళ్ళుగా ఉంది అది. వరదయ్య సార్ చేతిరాత. "ప్రతి దినము ఖాళీ మూల వైపు తిరిగిన తొమ్మిది నిమిషముల గింజలను కోసి దిబ్బకు పంపవలెను. ఆ వేళ దీపము వెలుగుచుండును." మిణుగురు కడుపులో ఒక చిన్న దీపం ఉండేది. రోజుకొకసారి ఖాళీ మూలకు తిరిగి, ఆ దీపం వెలిగించుకుని, తన కన్ను సరిగ్గా ఉందో లేదో చూసుకునేది. ఆ తొమ్మిది నిమిషాల్లో వచ్చే గింజలు ఆకాశానివి కావు, దీపానివి. అందుకే కోసేసేవాళ్ళం. మిగతా రోజంతా మిణుగురు అటువైపు చూసేదే కాదు. పాతకాలపు మొరటు కన్నులతో చూసినవాళ్ళు అది ఖాళీ అని ముందే తేల్చేశారు.

కాగితం తేమకు ఉబ్బి, ఫోటోలో అక్షరాలు అలుక్కుపోయినట్టు వచ్చాయి. సరే, ఊడదీసి ఆరబెట్టి మళ్ళీ తీద్దామని తడిగుడ్డ అద్దాను. గట్టిగానే అంటుకుంది. అంటుకోక ఏం చేస్తుంది, ఉద్యోగంలో చేరిన వారంలో మైదా ఉడికించి అతికించింది నేనే. కాగితాలు గాలికి కొట్టుకుంటుంటే చూడలేని బుద్ధి నాది అప్పటి నుంచీ. నాలుగు మూలలూ తడిపి మెల్లగా లాగితే ఊడి వచ్చింది. వెనక కూడా రాసి ఉంది.

"దీపము ఆరేండ్లకు ఆరిపోవును. ఏడవ ఏట నుండి కోత ఆపవలెను. ఖాళీ మూల నిజముగా ఖాళీయో కాదో అప్పుడే తెలియును. వరదయ్య."

కూర్చునే చదివాను గానీ లేచి నిలబడ్డానని తర్వాత ఖాదరన్న చెబితే తెలిసింది. నేను చేరింది ఐదో ఏట. కాగితం అతికించిన మూడు నెలలకే సార్ జ్వరంతో పోయారు. ఏడో ఏడు వచ్చింది, పోయింది. ముప్పై ఒకటో ఏడూ వచ్చింది. లేని దీపానికి భయపడి పాతికేళ్ళు రోజూ తొమ్మిది నిమిషాల ఆకాశాన్ని కోసి దిబ్బలో పోశాం. కోసేశాం గనుక అక్కడ గింజల్లేవు. గింజల్లేవు గనుక అది ఖాళీ. ఆ ఖాళీనే సున్నా అనుకుని పటమంతా గీశాను. పటం పలక ప్రతిదాని మీదా ఒక ముద్ర ఉంటుంది. "సున్నా సరిచూసినది: చెంగమ్మ."

సిగ్గుతో ఒళ్ళంతా మండిపోయింది. ఆ మంట చల్లారకముందే ఇంకో మాట గుర్తొచ్చింది. దిబ్బ కొలిమికి పోయింది. నేనే పంపాను.

కొలిమికి ఫోన్ చేస్తే పెద్ద మేస్త్రీ సిద్దయ్య ఎత్తాడు. పంతొమ్మిది పెట్టెలు కరిగిపోయాయన్నాడు. పన్నెండున్నాయి, అవీ సాయంత్రానికి పొయ్యిలో పడతాయన్నాడు. ఆపు, వస్తున్నానని చెప్పి గని జీపెక్కాను. ఖాదరన్న చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చి ఎక్కాడు.

సిద్దయ్య మంచివాడే, కానీ రూళ్ళకర్ర. నేను దారంతా కూడబలుక్కున్న మాటలన్నీ చెప్పాను, ఓడ సంగతి, గడియారాల సంగతి, కాగితం సంగతి. ఓపిగ్గా విన్నాడు.

"పెట్టెలు ఇప్పుడు మండలివి అక్కా. ఈ సంతకం నీదే కదా? ఆసుపత్రోళ్ళు పలకల కోసం కాచుకోని ఉండారు. వాళ్ళకేం చెప్పాల నేను? పన్నెండు పెట్టెల గాజు పొయ్యిమీద పడాల. ఏ గాజైనా నాకొకటే. తెచ్చి పోసి నీ పెట్టెలు తీసకపో."

పన్నెండు పెట్టెల గాజు. గింజల వరుస మీద చెయ్యి వేసే ప్రశ్నే లేదు. ఖాళీ పలకలు మా దగ్గర నాలుగు కూడా లేవు. ఇక మిగిలింది మూల పటం, పద్నాలుగు పెట్టెలు. ఓడలకిచ్చే నకళ్ళు చిన్నవి, మోటువి. అసలు పటం ఒక్కటే. ఇరవై రెండేళ్ళు.

నా మొహం చూసి ఖాదరన్నకు అర్థమైపోయింది. "వద్దు చెంగమ్మా, మండలికి రాద్దాం, పై వాళ్ళతో మాట్లాడదాం" అన్నాడు.

"వాళ్ళు జవాబిచ్చేసరికి ఈ పన్నెండూ కరిగిపోతాయన్నా. గింజలున్నాయి, పటం మళ్ళీ గీస్తా. దిబ్బను యాడ నుంచి తెచ్చేది?"

జీపు రెండుసార్లు తిరిగింది. పన్నెండు పెట్టెలు ఇచ్చాను, రెండు ఉంచుకున్నాను. ఆ రెండూ ఎందుకు ఉంచుకున్నానంటే, సిద్దయ్య పన్నెండే అడిగాడు గనుక. మొదటి పలక నా చేత్తోనే పొయ్యిలో వేశాను. పాలపుంత నడిబొడ్డు అది, దాని మీదే మూడేళ్ళు కూర్చున్నాను. ముద్ర ముందు కరిగింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. సిద్దయ్య అటు తిరిగి నిలబడ్డాడు. తిరిగొచ్చేటప్పుడు దిబ్బ పెట్టెల మీద తన దుప్పటి కప్పి తాళ్ళు తానే కట్టాడు.

మూఢానికి 13 రోజులు

నిన్నంతా పెట్టెలు విప్పడంతోనే సరిపోయింది. పన్నెండింట్లో ఆరు మొదటి ఆరేళ్ళవి. అప్పుడు దీపం నిజంగానే వెలిగింది, వాటితో మాకు పని లేదు. లారీలో అన్నిటికంటే ముందు ఎక్కినవి అడుగున పడి, కొలిమిలో చివరికి మిగిలాయి. మిగతా ఆరూ తలా ఒక చోటివి. తొమ్మిదో ఏడు, పద్నాలుగు, పదిహేను, ఇరవై రెండు, ఇరవై ఏడు, ముప్పై. కరిగిపోయినవాటి గురించి ఆలోచించకూడదని ఇద్దరం మాట అనుకున్నాం. ఖాదరన్న ఆ మాట మధ్యాహ్నం దాకా నిలబెట్టుకున్నాడు.

దిబ్బలో అన్ని రకాల చెత్తా కలిసి ఉంటుంది. సూర్యుడు తుమ్మినప్పటివి, భూమి అంచు నుంచి వచ్చినవి, కన్ను పొరబడినవి. వాటిలోంచి ఖాళీ మూల తొమ్మిది నిమిషాలవి ఏరాలి. ఖాదరన్న పలక చదివి దిక్కు చెబుతాడు, నేను ఉంచాలా తీయాలా చెబుతాను. చేటలో రాళ్ళేరినట్టే ఉంది పని. ఈ పనిలో నా అంత చురుకైన మనిషి ఇంకొకరు లేరు, కాగితం సంగతి ఎలా ఉన్నా ఇది మాత్రం చెప్పుకుంటాను.

సాయంత్రానికి నాలుగు వేల నూటా ఆరు గింజలు తేలాయి. ఖాళీ మూల ఖాళీ కాదు. అక్కడ ఏదో ఉంది.

పైడిరాజుకు రెండు ముక్కలే రాశాను. తప్పు మీ కన్నుది కాదు, నాది. వివరం తర్వాత చెబుతాను, నాకు వారం రోజులు కావాలి.

మూఢానికి 9 రోజులు

ఉన్నది మామూలు నక్షత్రమైతే గోరువంకకు సున్నా ఒక్కటే బాగుపడుతుంది. అదే గడియారమైతే నాలుగోది దొరికినట్టు. అది తేలాలంటే గింజలు ఒక తాళంలో వస్తున్నాయో లేదో చూడాలి. యంత్రం మూడు రోజులుగా తాళాలు మార్చి మార్చి చూస్తోంది. ఏ తాళానికీ పడడం లేదు. ఇసుక చల్లినట్టు వస్తున్నాయి.

ఈ పుస్తకంలో మొదటిసారి రాస్తున్నాను, నాకు భయమేసింది. పటం పోయింది, వారం పోయింది, రేపో మాపో వాళ్ళు మాట అందని చోటికి పోతారు. నూటా నలభై రెండు మంది. వాళ్ళలో పదకొండు మంది పిల్లలని ప్రయాణికుల పట్టీలో చూశాను. చూడకుండా ఉండాల్సింది.

అన్నాల వేళ ఖాదరన్న సంగటి ముద్ద చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయాడు. "చెంగమ్మా, ఈ గింజలకు టైము సరిచేసినామా?" అన్నాడు.

చేయలేదు. మిణుగురు భూమి చుట్టూ తిరుగుతుంది, భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది. ఒక గింజ ముందొస్తుంది, ఒకటి ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ప్రతి గింజా సూర్యుడి దగ్గరికి ఎప్పుడు చేరి ఉండేదో లెక్కగట్టి ఆ టైము రాస్తాం. పటంలోకి పోయే గింజలకు ఇది తప్పనిసరి. దిబ్బకు పోయేవాటికి ఎవరు చేస్తారు? చెత్తను బయట పారేసే ముందు కడిగి తుడవం కదా. మా చేతులకు ముప్పై ఏళ్ళుగా అలవాటైన పని, భాండారంలో ఉన్న గింజ అంటే టైము సరిచేసిందే అనుకున్నాం. ఇవి దిబ్బలోంచి నేరుగా వచ్చాయన్న సంగతి ఇద్దరికీ తట్టలేదు.

సంగటి అక్కడే వదిలేసి లేచాం. నాలుగు వేల నూటా ఆరింటికీ టైము సరిచేసే లెక్క పెట్టి వచ్చి, చల్లారిన సంగటే తిన్నాం.

మూఢానికి 7 రోజులు

ఈ పొద్దున పదిన్నరకు తాళం పడింది.

సెకనుకు మూడు దెబ్బలు, కాస్త తక్కువగా. ఒక పెద్ద దెబ్బ, దాని వెనకే ఒక చిన్న దెబ్బ. తొమ్మిదో ఏట నుంచి ముప్పయ్యో ఏట దాకా అదే తాళం, ఏడాదికేడాది వెంట్రుకవాసి నెమ్మదిస్తూ వచ్చింది. ఆరు పెట్టెలూ ఒకదానికొకటి దూరదూరపు ఏళ్ళవి కావడం మేలే అయింది, నెమ్మదించే లెక్క చక్కగా తేలింది. యంత్రం ఆ గీత గీస్తుంటే ఖాదరన్న బల్లమీద వేళ్ళతో తాళం వేశాడు. నేను గట్టిగా నవ్వాను. గని మెట్ల దాకా వినబడి ఉంటుంది.

గోరువంకకు జాబు గొంతుతోనే పంపాను. రాతలో అయితే నేను మాటలు దిద్దుకుంటూ కూర్చుంటాను. పోవడానికి ఇరవై నిమిషాలు పడుతుంది గనుక మధ్యలో ఆపేవాళ్ళు కూడా ఉండరు.

"పైడిరాజు గారూ, ఖాళీ మూలలో ఒక గడియారం ఉంది. దాని తాళం ఈ జాబు వెనకే పంపుతున్నా. పాతికేళ్ళు మా మిణుగురు దాన్ని రోజూ చూసింది, పాతికేళ్ళు నేను రోజూ దాన్ని కోసి పారేశాను. ఆపమని మా వరదయ్య సార్ కాగితం వెనక రాసిపెట్టి పోయారు. ఆ కాగితాన్ని గోడకు అతికించింది నేనే. మీరు అడిగినప్పుడు కన్ను తుడుచుకోమన్నాను. మన్నించండి. ఇప్పుడు మాత్రం నా మాట మీద నమ్మకం పెట్టొద్దు. మీ కన్ను ఖాళీ మూలలో నలభై రోజుల పైగా ఏరిన గింజలున్నాయి కదా, వాటి మీద వేసి చూసుకోండి. పడితేనే వాడండి."

మూఢానికి 5 రోజులు

పడింది.

పైడిరాజు గొంతు వినడం ఇదే మొదలు, అచ్చం విజయనగరం యాస. తమ దగ్గరున్న మూడు వందల చిల్లర గింజలూ మేము పంపిన తాళానికి వేలికి ఉంగరంలా సరిపోయాయట. నాలుగు గడియారాలతో ఓడ తానెక్కడ ఉందో తేల్చుకుంది, భూమి నుంచి చెప్పిన లెక్కతో పోల్చుకుంది, తేడా రెండు కిలోమీటర్లట. ఇకపై భూమి మాట్లాడకపోయినా భయం లేదన్నాడు.

తర్వాత ఇంకో మాట అన్నాడు. "అమ్మా, మన్నింపులూ గట్రా ఎందుకండీ. మీరు చెప్పకుండా కొత్త గడియారం దొరికిందని ఊరుకోవచ్చు. చెప్పేరు. అందుకే నమ్మేం." కనుక్కున్నవాళ్ళే గడియారానికి పేరు పెట్టాలి, పేరు చెప్పమన్నాడు. మొదట చూసింది నువ్వు, సున్నా రావడం లేదని చెప్పింది నువ్వు, పేరు నీ ఇష్టమన్నాను. ఇంతలో గారూ పోయి నువ్వులోకి వచ్చేశాను, అతనేమీ అనుకోలేదు.

మూఢానికి 1 రోజు

మండలి నుంచి ఘాటైన ఉత్తరం. మూల పటాన్ని ఎవరి అనుమతితో కరిగించారు, అందులో తప్పు ఉందని ఓడలన్నిటికీ ఎందుకు చాటారు, ఈ భాండారాన్ని ఇక ఎలా నమ్మాలి అని మూడు ప్రశ్నలు.

మూడింటికీ ఒకే జవాబు రాశాను. పటం మనుషులు గీసేది. నేను గీశాను, తప్పుగా గీశాను. గింజల వరుస ఉంది గనుక పటాన్ని వదులుకోగలిగాను, దిబ్బలో సగం కన్నా తక్కువైనా మిగిలింది గనుక తప్పు ఎక్కడో దొరికింది. మీరు పోయినేడు అడిగినప్పుడు వరుస ఇచ్చేసి ఉంటే ఈ తప్పు ఎప్పటికీ నిజమనే చెలామణి అయ్యేది, గోరువంక అవతలికి పోయేది. వరుస మీద, మిగిలిన దిబ్బ మీద ఇక ఎవరూ చెయ్యి వేయకూడదని మీరే రాసివ్వండి. నన్ను ఉంచుతారో తీసేస్తారో అది తర్వాత చూసుకుందాం. తీసేసినా కొత్త పటం గీసేదాకా నేను కదలను, ఆ సంగతీ ముందే చెబుతున్నాను.

ఓడలన్నిటికీ సున్నా సవరణ పంపడం ఈ రోజుతో పూర్తయింది. పదహారు ఓడలు. అందరికీ అందినట్టు జవాబులొచ్చాయి.

మూఢంలో 9వ రోజు

మలుపు ఈ రోజే, మధ్యాహ్నం రెండు గంటలు దాటాక. మనకేం తెలియదు, ఇంకో తొమ్మిది రోజుల దాకా తెలియదు.

ఊరికే కూర్చోలేక కొత్త పటం మొదలుపెట్టాను. పాలపుంత నుంచి కాదు, ఖాళీ మూల నుంచి. ఆ పేరు మాత్రం అలాగే ఉంచాను. రెండు గంటలకు సిద్దయ్య కోడూరు నుంచి వచ్చాడు. కొలిమిలో మిగిలిన ఒక పెట్టెడు కొత్త పలకలు తెచ్చాడు, లెక్కలో రాసే తెచ్చాడట, ఆసుపత్రివాళ్ళు కూడా సరేనన్నారట. ఏమైందని అడగలేదు. ముగ్గురం కూర్చుని టీ తాగాం. ఖాదరన్న బల్లమీద సెకనుకు మూడు దెబ్బలు వేస్తూనే ఉన్నాడు, ఎవరూ ఆపమనలేదు.

మూఢం విడిచిన రోజు

ఉదయం తొమ్మిదీ నలభైకి రేడియో పలికింది. మొదట గరగర, తర్వాత విజయనగరం.

"భాండారానికి గోరువంక. మలుపు తిరిగేం. కుజుడు కిటికీలో కనిపిస్తన్నాడు. నూటా నలభై రెండు మందిమీ బాగున్నాం. అమ్మా, నాలుగో గడియారానికి పేరు పెట్టేసేం. వరదయ్య గారు ఒక్క దెబ్బ తప్పకుండా కొట్టుకుంటన్నారు."

ఖాదరన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. నేను మూడుసార్లు విన్నాను. ముప్పై ఏళ్ళ కింద పోయిన మనిషి పేరు అంత దూరం నుంచి వినబడితే ఎలా ఉంటుందో నాకు రాయడం రాదు. సార్, మీరు చెప్పింది ఇప్పుడు చేశాను అని పైకే అన్నాను.

మండలి నుంచి కూడా ఈ రోజే కాగితం వచ్చింది. గింజల వరుస, మిగిలిన దిబ్బ ఎన్నటికీ కదపకూడదట. నా సంగతి అందులో ఏమీ రాయలేదు, అంటే ఉన్నట్టే.

మధ్యాహ్నం కొత్త కోత కాగితం రాసి గోడ దగ్గరికి తీసుకెళ్ళాను. ముందువైపు ఏమేం కోయాలో రాశాను. వెనకవైపు ఏ కోత ఎప్పుడు ఆపాలో రాసి, పాతికేళ్ళు ఆపకుండా కోసింది చెంగమ్మ అని కూడా రాశాను. ఖాదరన్న మైదా ఉడికించి గిన్నెలో తెచ్చాడు, పాత అలవాటు. గిన్నె వెనక్కి పంపేశాను. గోడకు మేకు కొట్టి, కాగితానికి పై మూలన చిల్లు పెట్టి, దారంతో వేలాడదీశాను.

గాలి మర తిరిగినప్పుడల్లా అది అటూ ఇటూ తిరిగి చప్పుడు చేస్తోంది. చేయనీ.